తంగేటి గింజలకై చేసిన ప్రయాణము

ఇది కొన్నియేండ్ల క్రిందటి మాట. ఎంగిలిపూల బతుకమ్మకు ముందునాటి సాయంకాలమున నేను సంగారెడ్డి అంగడినుండి రెండు తంగేడు కట్టలు కొనితెచ్చి, ఏదో ఘనకార్యము చేసినదానివలె మా యత్తగారి యెదుట పెట్టితిని. ఆమె యా కట్టలవంక చూచి, పిమ్మట నావంక చూచి, “పైసలు వెట్టి కొన్నవా?” అని యడిగెను. కట్ట ముప్పది రూపాయలని చెప్పితిని.

“బంతి కొంటరు, చామంతి కొంటరు. తంగేడు కొనుడేంది బిడ్డా! తంగేడు ఎవలు నాటిండ్రు, ఎవలు నీళ్లు వోసిండ్రు, ఇయ్యాల అమ్మేటందుకు?”

ఆమె మరేమియు ననక లోపలికి పోయెను. మరునాడు తాంబాళములో గుమ్మడియాకులు పరచి, గునుగు, బంతి, కట్లపూల వరుసలు తన చేతనే పేర్చెను గాని, తంగేడు వరుస వచ్చినప్పుడు పళ్లెమును మెల్లగా నా వైపునకు జరిపెను. తిట్టిన బాగుండెడిది. ఆ పళ్లెము జరుపుటయే నా మనస్సులో నాటుకొనిపోయినది.

మా యిల్లు పటానుచెరువునకును ఇస్నాపూరునకును నడుమ, రహదారికి కొంచెము లోపలగా వెలసిన యొక కాలనీలో నున్నది. మావారు కార్ఖానాలో ఉద్యోగి. నేను బాలికల పాఠశాలలో ఉపాధ్యాయినిని. ఇంటిముందు పదిగజముల పొడవు, ఆరు గజముల వెడల్పుగల ఖాళీస్థలము కలదు. నేల యంతయు మొరము. రెండడుగులు త్రవ్వినచో గునపము రాతికి తగిలి ఖంగుమనును. మేము వచ్చిన క్రొత్తలో బోరులో నీరుండెడిది. రాను రాను చైత్రము వచ్చునప్పటికే బోరు గాలిని మాత్రమే వెడలగ్రక్కసాగెను. వేసవిలో ట్యాంకరు నీరు కొని, బియ్యము కడిగిన నీటితోను, బట్టలు జాడించిన నీటితోను మొక్కలను బ్రతికించుకొను సంసారము మాది. గులాబీలు పెట్టితిని; పోయినవి. మల్లెలు పెట్టితిని, రెండేండ్లుండి పోయినవి. గులాబీలకై నేను వెచ్చించిన ధనముతో దినదినమును గులాబీలు కొని తలలో తురుముకొనియుండవచ్చునని మావారు లెక్క గట్టి చెప్పెడివారు. ఆ లెక్క సరియైనదే. కావుననే నాకు కోపము వచ్చెడిది.

మేమీ కాలనీకి వచ్చిన యేడు ఇంటి వెనుక బీడులో తంగేడు విరియబూసియుండుటను నేను చూచితిని. అప్పుడు దానిని కన్నెత్తి చూచినదానను గాను. అది రోడ్డుప్రక్క పొద, పొదకు గౌరవమేమి? తరువాత బీడు ప్లాట్లయినది, ప్లాట్లు గోడలయినవి, గోడల నడుమ సిమెంటు పరచిరి. తంగేడునకు తోటమాలి యక్కరలేదు, నీరక్కరలేదు, ఎరువక్కరలేదు. దానికి కావలసినది బీడొక్కటే. పటానుచెరువు ప్రాంతమున నేడు దొరకని వస్తువు అదియే. 2014వ సంవత్సరము నవంబరులో తెలంగాణ ప్రభుత్వము తంగేడును రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. ఆ సంవత్సరమే బతుకమ్మ రాష్ట్రపు పండుగయైనది. బిరుదు వచ్చిన తరువాత పువ్వు అంగడికెక్కినది!

సరే, పండుగ ముగిసి అత్తగారు మా బావగారి యూరికి వెళ్లినపిమ్మట, ఆమె తిరిగి వచ్చునప్పటికి ఇంటిముందు తంగేడు చెట్టుండవలయునని పంతము పట్టితిని. ఒక నర్సరీకి పోయి తంగేడు మొక్క కావలయునంటిని. అతడు తడుముకొనక రెండు మొక్కలు తీసియిచ్చి, పచ్చని పూవులు గుత్తులుగా పూయునని ప్రమాణము చేసెను. నాటితిని. మూడు నెలలలో నవి నా నడుము దాటినవి. నా సంతోషమునకు మేర లేదు. సంక్రాంతికి అత్తగారు వచ్చిరి. గుమ్మములో కాలుపెట్టకముందే ఆ మొక్కలకడ నిలిచి, ఒక యాకును త్రుంపి, దాని మొదలును గోటితో తడవి, “చెవులేవి?” అనిరి.

నాకర్థము కాలేదు. “తంగేడాకు మొదట్ల చెవులుంటయి బిడ్డా. దీనికి లెవ్వు. ఇది తంగేడు గాదు.”

ఆ రాత్రి మా పాఠశాలలోని వృక్షశాస్త్రపు ఉపాధ్యాయినికి ఫోను చేసి యడిగితిని. ఆమె నవ్వి, తంగేడునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సెన్నా ఆరిక్యులేటా యనియు, ఆరిక్యులేటా యనగా లాటిను భాషలో చెవులుగలది యనియు చెప్పెను. ఆకుకాడ మొదట నిరువైపుల చిన్న చెవితమ్మెలవంటి పత్రపుచ్ఛము లుండును. అవియే దాని గుర్తు. అక్షరము రాని మా యత్తగారును, లాటినున పేరు పెట్టిన పండితుడును ఒక్క చెవినే పట్టుకొనిరి. మధ్యనున్న నేనును, నర్సరీవాడును మోసపోతిమి. ఆ మొక్కలు సీమతంగేడు. బాటల వెంట నీడకై నాటు పెద్దచెట్టు. నర్సరీవాని తప్పనుకొంటిని గాని, మొక్కను చూడకయే కొన్న తప్పు నాది.

“గింజలు దెచ్చి ఏసుకుందాం. మాఘంల మా ఊరి గుట్టకు కాయ ఎండి ఉంటది” అని అత్తగారనిరి. అట్లు మాఘమాసములో నొక ఆదివారము మేమిద్దరము ప్రయాణమైతిమి. అప్పటికి స్త్రీలకు ఆర్.టి.సి. బస్సులలో ప్రయాణము ఉచితమై కొలది నెలలైనది. ఎన్నడును పుట్టిల్లు చూడనివారందరును ఆనాడే బయలుదేరిరా యనునట్లు బస్సు క్రిక్కిరిసియుండెను. అత్తగారికి కిటికీప్రక్క చోటు దొరకినది. నాకు ఆమె భుజమే యాధారమైనది.

పటానుచెరువనగానే కార్ఖానాలనియు, పొగయనియు మనమనుకొందుము గాని, ఈ యూరిది గొప్ప చరిత్ర. పదునాఱవ శతాబ్దములో గోలకొండ ప్రభువుల కాలమున ఇచ్చటనుండిన అమీన్‌ఖానునకు పొన్నికంటి తెలగనార్యుడు తన యయాతిచరిత్రము నంకితమిచ్చెను. సంస్కృతపదము కలియని అచ్చతెనుగున వచ్చిన మొదటి కావ్యమని దానికి పేరు. తెనుగుకవి ముసల్మాను ప్రభువునకు అచ్చతెనుగు కావ్యమిచ్చిన యూరిది. ఆయన పేరిటనే అమీనుపురము వెలసినది. అచ్చటి చెరువును పక్షులకును జీవరాశికిని నెలవని 2016లో జీవవైవిధ్య వారసత్వస్థలముగా ప్రకటించిరి.

రెండవ చరిత్రము ఇటీవలిది. 1970వ దశకమునుండి ఇచ్చట పారిశ్రామికవాడ పెరిగినది. మందుల కార్ఖానాలు, రసాయనముల కార్ఖానాలు వరుసగా వచ్చినవి. వాని మురుగు నక్కవాగున పడి, వాగు పోయి మంజీరలో పడుచువచ్చినది. నక్కవాగు వెంట పల్లెలలో బావులు చెడినవి, పైరులు చెడినవి. 1990లో ఈ వ్యాజ్యము సుప్రీంకోర్టు దాక పోయినది. 1994లో కార్ఖానాల మురుగునంతయు నొకచోట శుద్ధిచేయు కేంద్రము వెలసినది. అయినను, 2007లో స్వీడను దేశపు పరిశోధకులు ఆ కేంద్రమునుండి వెడలిన నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిను అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కలదని ప్రకటించిరి. రోగి రక్తములో మందు పనిచేయునప్పుడుండు పాళ్లకంటె నది మిక్కిలి యెక్కువ! మనము మాత్రలు మ్రింగి కోలుకొను జ్వరముల మందు వాగులో ప్రవహించెను. ఈ కార్ఖానాల జీతముతోనే మా యిల్లు గడచుచున్నది. కావున ఒకవైపు వ్రేలెత్తి చూపుట నాకు సులభము కాదు. కాని బతుకమ్మను ఏ నీటిలో నిమజ్జనము చేయుదుమా యని మా కాలనీ స్త్రీలు ఏటేట వెదకుకొనుట మాత్రము నేనెరుగుదును. బతుకమ్మ పూవులు చెరువునీటిని శుద్ధి చేయునని కొందరు వ్రాయుచుందురు. ఇంత నీటికి ఇన్ని పూవులేపాటి? ఆ మాటను పట్టుకొని నీటిని మరచుట నాకు నచ్చదు.

ముత్తంగి కడ వలయరహదారి వంతెన క్రిందుగా బస్సు సాగినది. ఇస్నాపూరు చౌరస్తాలో కార్మికులెందరో దిగిరి. ఎక్కువమంది ఒడియా, హిందీ మాటలాడువారు. రుద్రారమున గణేశుని గుడి యెదురైనప్పుడు బస్సులోని చేతులన్నియు నొక్కమారు జోడింపబడెను. పిమ్మట నొక యూరు వచ్చినది. దాని పేరు కంది.

హైదరాబాదు ఐ.ఐ.టి. 2008లో మొదలై, ఇప్పుడీ కందిలోనే స్వంత భవనములలో నున్నది. రాతిగోడ వెంట బస్సు పోవుచుండగా అత్తగారు, “ఊరి పేరు కంది, కంది చేను మాత్రం కనవడదు” అనిరి. నాకు పటానుచెరువులోని మరియొక గోడ జ్ఞప్తికి వచ్చినది. అది ఇక్రిశాట్. మెట్టప్రాంతముల పంటలకై 1972లో స్థాపించిన అంతర్జాతీయ పరిశోధనాలయము. ఒకమారు మా బాలికలను వెంటబెట్టుకొని యచ్చటికి పోయితిని. ఎర్రనేల, నల్లరేగడి రెండును ఒక్క ఆవరణలో నుండుటయు ఆ స్థలము నెన్నుకొనుటకు కారణములలో నొకటియట. అచ్చటి విత్తనభాండారములో కంది రకములే 13 వేలకు పైగా కలవు; శాశ్వతముగా దాచు విత్తనములను సున్నకు 20 డిగ్రీల క్రింది చలిలో నుంచుదురు. ఆ తలుపు తెరచినప్పుడు వెలికివచ్చిన చలిగాలికి మా బాలికలు కేరింతలు కొట్టిరి.

నాకు మాత్రము విత్తనములకంటె వేరు విషయము వింతగా తోచినది. ఎర్రనేలలో భాస్వరము ఇనుముతో ముడిపడి పైరులకు దక్కకుండ నుండును. కందివేళ్లు పిస్కిడిక్ ఆమ్లమను నొక పులుపును మట్టిలో స్రవించి, ఆ ముడిని విప్పి భాస్వరమును తీసికొనునని అచ్చట పనిచేసిన జపాను శాస్త్రజ్ఞులు కనిపెట్టి 1990లో లోకమునకు తెలిపిరి. మరియు కందివేళ్లపై బుడిపెలుండును. వానిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పైరునకందించును. మన ముద్దపప్పు బతుకమ్మనాటి పప్పు వెనుక ఇంత వంట నేల క్రిందనే జరిగియుండునని నేనెన్నడును తలపలేదు. తంగేడును ఈ చిక్కుడుజాతి వంశమునదే. కంది, పెసర, జమ్మి, రేల యన్నియు దాని దాయాదులే. కాని తంగేడు వేళ్లకు బుడిపెలుండవు. ఏ సహాయమును లేకయే అది మొరములో నిలుచును.

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో బస్సు మారితిమి. సంగారెడ్డి 2016 అక్టోబరులో స్వంతపేరి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. అంతకుముందు మెదకు జిల్లాకును అదియే ముఖ్యస్థానము. సదాశివపేట దాటునప్పటికి గోడలు తగ్గినవి, ఆకాశము పెరిగినది. నల్లరేగడి చేలలో శనగ కోతకు వచ్చియున్నది. అక్కడక్కడ కంది కొట్టివేసిన మోళ్లు. అత్తగారు కిటికీలోనుండి ప్రతి చేనికిని పేరు చెప్పుచుండిరి. ఎవరి చేను, ఎవరమ్ముకొనిరి, ఎవరి కొడుకు నగరమున నున్నాడు. ఆమె నోటివెంట అంత మాట నేనెన్నడును వినలేదు.

ఆమె పుట్టినయూరి వెలుపల నొక గుట్ట. దాని యొడిలో రాళ్ల సందున తంగేడు పొదలు, మొలలోతు, నిలువెత్తు. పూత దాదాపు ముగిసినది. కొమ్మల చివర నొకటి రెండు పచ్చనిగుత్తులు మిగిలియుండెను. మిగిలిన కొమ్మలనిండ కాయలే. పలుచని కాగితమువంటి చదునుకాయ, జానెడు లోపు పొడవు. ఎండి గోధుమరంగు దేరినది. గాలి వీచినప్పుడవి గలగలమనినవి. దగ్గర నొక ముసలమ్మ మేకలను మేపుచుండెను. మేము కాయలు కోయుట చూచి ఆమె కేకవైచెను.

“ఏందమ్మా, మందుకా? అమ్మటానికా?”

ఇంటిముందర వేసికొనుటకని అత్తగారు చెప్పిరి. ముసలమ్మ నమ్మినట్లు లేదు. దగ్గరకు వచ్చి, “పండుగ మొకాన పట్నం నుంచి బండ్లేసుకొని వస్తున్రు. కొసలు దెంపుకుంటె మల్ల చిగురేస్తది, మా కాలంల గట్లనే దెంపేటోళ్లం. ఇప్పుడు మొదలుకంట నరికి కట్టలు గడ్తున్రు. ఆ దిక్కు సూడుండ్రి” అని చేయి చూపెను. గుట్టకు ఆవలివైపు నేల బోసిగా నుండెను. కొట్టివేసిన మోళ్లు కొన్ని, ఎండి నల్లబడినవి.

ముప్పది రూపాయల కట్ట యెచ్చటినుండి వచ్చెనో నాకప్పుడు తెలిసినది. ఇరువదియైదు ముప్పది పూకొమ్మలు గల కట్టకు నిండుపొద యొకటి పోయియుండును. అత్తగారు నావంక చూడలేదు. చూచినచో నేనేమి సమాధానము చెప్పియుందునో తెలియదు.

పూర్వము ఈ గుట్టనుండియే తంగేడాకు కోసి, మళ్లలో నారుమడికి ఎరువుగా త్రొక్కెడివారట. బెరడును తోలు ఊనుటకు కొనుక్కొనిపోయెడివారట. మద్రాసు తోళ్ల పరిశ్రమకు తంగేటి బెరడు ముఖ్యమైన సరకుగా నుండెడిదని నేను చదివియుంటిని. రాతిమీద కూర్చుండి, కాయలొలుచుచు, అత్తగారు తమ తల్లివలన వినిన కథ చెప్పిరి. ఏడుగురన్నలకు నొక్కతే చెల్లెలు. వదినె యసూయతో నామెను చంపి పాతిపెట్టినది. పాతినచోట తంగేడు మొలచి, పూచినది. తెలియక పూవు కోయబోయిన యన్నతో ఆ పొద మాటలాడినది. ఆ కథ చెప్పునప్పుడు అత్తగారి గొంతు మారినది. ఆమెకు నలుగురన్నలు, ఎవరును ఇప్పుడా యూర లేరు. వారిలో చిన్నవాడు పండుగకు ముందునాడు తలపాగానిండ తంగేడు తెచ్చి చెల్లెలి యొడిలో పోసెడివాడట. “గందుకనే కొనుక్కొచ్చినవంటె పానం ఉసూరుమన్నది బిడ్డా” అని అప్పుడు చెప్పిరి. ఇంచుమించు ఐదు నెలలైన తరువాత!

ఇక పెంపకము సంగతి. మీలో ననేకులు నావలె నీటికి కటకటలాడు ఇండ్లలో నున్నవారే కనుక, నేను చేసిన పొరపాటులతో సహా చెప్పెదను.

ఇంటికి వచ్చిన వారములోనే, ఆగలేక, ఇరువది గింజలు కుండీలలో నాటి, ఉదయసాయంకాలములు నీరు పోసితిని. పదునెనిమిది దినములకు నాలుగు మొలచినవి. తక్కినవి రాళ్లవలె నట్లే యుండిపోయినవి. మొలచిన నాలుగును పదిదినములలో కాడ మెత్తబడి వాలిపోయినవి. తంగేటి గింజ తోలు మిక్కిలి గట్టి. నీరు లోనికి పోనీయదు. మొదటి వానకే అన్ని గింజలును మొలచి, తరువాతి యెండకు అన్నియు చావకుండుటకు అడవిలో నది యొక జాగ్రత్త. ఇంటిలో మొలిపించుటకు ఆ తోలును కొంచెము గీరవలయును. అత్తగారు గింజలను గరుకురాతిపై వేసి, అరచేతితో నాలుగైదు మార్లు రుద్ది, రాత్రి నీటిలో నానవేసిరి. తెల్లవారునప్పటికి ఉబ్బినవి విత్తుటకు, ఉబ్బనివి మరల రాతికి. వేడినీటిలో వేసి చల్లారువరకు నుంచుట మరియొక పద్ధతి. సలసల కాగుచుండగా వేయరాదు, గింజ ఉడికిపోవును.

మృగశిరకార్తెలో, మొదటి మంచివాన పడిన మరునాడు విత్తితిమి. కుండీలో వద్దు. తంగేడు ముందుగా వేరును లోతునకు దింపి, ఆ తరువాతనే పైకి పెరుగును; వేరు కదలినచో నలుగును. కావున ఉండవలసిన చోటనే విత్తవలెను. మొరములో అడుగు లోతు గుంత త్రవ్వి, గులకరాళ్లు తీయకయే మట్టిని వదులు చేసి, చుట్టునున్న నేలకంటె నాలుగంగుళములు ఎత్తుగా దిబ్బ చేసి, గింజను వ్రేలి తొలికణుపు లోతున నుంచితిమి. ఎరువు వేయలేదు. గుంత కొకటి మిగిల్చి, తక్కిన మొలకలు తీసివేసితిమి. వానల నడుమ పదునైదు దినములు ఎండ కాసినప్పుడు మాత్రము చెంబెడు నీరు. మొదటి వేసవిలో వారమునకొక చెంబు. రెండవ వేసవిలో నేమియు పోయలేదు. పోయుటకు నా చేతులు దురదపెట్టినవి గాని అత్తగారు చెంబు దాచిరి!

దిబ్బ చేయుట యెందుకో రెండవ యేటి వానలకు తెలిసినది. శ్రావణభాద్రపదములలో విపరీతమైన వానలు కురిసి, ఇంటిముందర మోకాలిలోతు నీరు నిలిచెను. పల్లములో నాటిన రెండు మొక్కలు వేరు కుళ్లి చచ్చినవి. ఎండకు చావనిది నీటికి చచ్చినది. దిబ్బలమీది అయిదును నిలిచినవి.

మరియొక సంగతి. ఒకనాడు ఆకులన్నియు కొరికివేయబడియుండెను, పచ్చని గొంగళిపురుగులు. నేను మందు కొట్టుటకు సిద్ధమైతిని. ఈ మొక్కపై పెరుగునవి లేతపసుపు కలిసిన తెల్లని సీతాకోకచిలుకల పిల్లలని నా స్నేహితురాలు చెప్పగా ఆగితిని. మూడు వారములలో ఆకు మరల వచ్చినది. ఇంటిముందర సీతాకోకచిలుకలు ఎగిరినవి. కాలనీలో మరియొక యింటిముందర నట్టి కోలాహలము లేదు.

పదునాలుగవ నెలలో పూత మొదలైనది. తంగేటిపూవులో తేనె యుండదు, పుప్పొడి మాత్రమే. ఆ పుప్పొడి తిత్తులు కూడ మనకు తెలిసిన పూవులలోవలె చీలి విచ్చుకొనవు. చివర చిన్న రంధ్రముండును. నల్లని పెద్ద తుమ్మెద వచ్చి పూవును పట్టుకొని, రెక్కలు కదల్పకయే ఒడలిని ఝుమ్మని వణకించును. ఆ వణకునకు పుప్పొడి ఉప్పుడబ్బానుండి ఉప్పువలె రాలును. పొట్టి కేసరముల పొడి తుమ్మెదకు భోజనము. పొడవైన కేసరముల పొడి దాని యొడలికంటి మరియొక పూవునకు చేరును. ఎగురునప్పటి ధ్వని వేరు, పూవుపై నున్నప్పటి ధ్వని వేరు. చెవియొగ్గి వినినచో మీకును తెలియును. ఉదయము ఏడు గంటలకు పాఠశాలకు పోవలసిన నేను కాఫీ చేతబట్టుకొని ఈ సంగీతము వినుచు రెండుమార్లు బస్సు తప్పితిని.

తంగేటిపూల కషాయము మధుమేహమునకు దివ్యౌషధమని మా వీథిలో నలుగురు చెప్పి, పూవులడిగిరి. పూవులిచ్చితిని గాని, వైద్యుడిచ్చిన మాత్రలు మానవలదని ఒట్టు పెట్టించుకొంటిని. నారుమడికి ఆకు త్రొక్కుటకు, పండుగకు పూవు కోయుటకు పెద్దల మాట చాలును. రక్తములోని చక్కెరకు పరీక్ష కావలయును.

ఆ యేడు బతుకమ్మ వచ్చినది. ఎంగిలిపూలనాటి యుదయము అత్తగారు స్నానము చేసి, ఒడి కట్టుకొని, మా యిద్దరి కోడండ్లను పిలిచిరి. ఒక్కొక్క కొమ్మ చివర జానెడు మాత్రము, కణుపునకు పైగా, గోటితో త్రుంచవలెనని చూపిరి. తంగేడు పూత క్రొత్తచిగురు చివరనే వచ్చును కనుక, ఆ త్రుంచుట వలననే తరువాత కొమ్మలు హెచ్చగును. అయిదు పొదలలో నాలుగింటిని ముట్టుకొన్నారు. అయిదవదానిని గింజలకు విడిచిరి. నేను పళ్లెములో గుమ్మడియాకులు పరచితిని. తంగేడు వరుస వచ్చినప్పుడు పళ్లెమును ఆమె వైపునకు జరిపితిని. ఆమె నవ్వలేదు గాని, తీసికొన్నది.

పూవు చాలలేదు. అయిదు చిన్నపొదల పూవు ఒక్క వరుసకే సరిపోయినది. మిగిలిన వరుసలన్నియు గునుగు, బంతి. కట్టలు కొనుమని ఎవరును అనలేదు.

ఆ సాయంకాలము ఆట ముగిసిన తరువాత మా ప్రక్కయింటి ఒడియా యమ్మాయి వచ్చినది. ఆమె భర్త పాశమైలారమున పనిచేయును. వారికి బతుకమ్మ లేదు. అయినను ఆమె ప్రతిదినమును మా ఆట చూచుటకు వచ్చుచుండెడిది. వచ్చీరాని తెనుగున, తన గుమ్మముముందర కూడ మొరమే యున్నదనియు, కాయలెండినప్పుడు తనకు నాలుగు గింజలీయవలయుననియు అడిగినది. అత్తగారు ఆమెను కూర్చుండబెట్టి, రాతిపై గింజను ఎట్లు రుద్దవలెనో ఉత్త అరచేతితో చూపుచుండిరి. మాఘమునకు ఇంకను నాలుగు నెలలున్నవి.